గోడరంజని: అభిమానసంఘ విజ్ఞప్తికి టీకాతాత్పర్యము

మూలము: "అభిమాన సోదరులకు విజ్ఞప్తి. మన సంచికకు సూపర్, కేక అని వ్రాసి పంపవద్దు. సినిమా చూచి వివరముగా వ్రాయండి. ఉత్తమ వ్యాసమునకు బహుమతి కలదు."

అవతారిక. కాళిదాసుని కావ్యములకు సంజీవని యను వ్యాఖ్య రచించిన మల్లినాథసూరి మెదకు ప్రాంతపు కొలిచారము వాడగుటవలన, టీక వ్రాయుట మన జాతికి పిత్రార్జితమని నమ్మి, ఒకానొక పట్టణమున సినిమాహాలు ప్రక్కనున్న కిళ్ళీబడ్డీ గోడకు ఏదో యొక అభిమానసంఘము వారంటించిన ఈ విజ్ఞప్తికి గోడరంజని యను వ్యాఖ్యను సంతరింప బూనుచున్నాము.

శాస్త్రగ్రంథమునకు వలె దీనికిని అనుబంధచతుష్టయము చెప్పవలెను. విషయము సినిమా. ప్రయోజనము సంచిక పుటలు నిండుట. సంబంధము అభిమానమే. అధికారి ఎవ్వడన్నచోటనే చిక్కు గలదు. మొదటి ఆటకు తోపులాటలో లోనికి చొచ్చి, తెరమీద కథానాయకుని కాలిజోడు కనబడినది మొదలు కాగితపు ముక్కలెగురవేయుటలో నిమగ్నుడైనవాడు హాలులో నున్నాడనుటకు చినిగిన టిక్కెట్టు సాక్ష్యమగును గాని, చిత్రము చూచెననుటకు సాక్ష్యమేదియు లేదు. కావున ఈలవేయు నోటికి వేరుసెనగకాయలు అప్పగించి రెండవమారు కుదురుగా కూర్చుండి చూచినవాడే అధికారి యని నిర్ణయము.

'సూపర్, కేక అని పంపవద్దు.' ఇది నిషేధము. ఈ మాటలు నిష్ప్రయోజనములని భావింపరాదు. హాలునుండి వెలువడుచు, ఎదురుగా లోనికి పోవువానికి చెప్పుటకు ఇంతకు మించిన దీర్ఘవాక్యము పనికిరాదు, వెనుకనున్నవారు త్రోయుదురు. అచ్చులో మాత్రము ఇవి అతివ్యాప్తిదోషమునకు గురియగును. నిన్నటి చిత్రమునకును, రేపు రాబోవు చిత్రమునకును అవే చెల్లుచుండగా, నేడు చూచిన దానిని గురించి పాఠకునకు దక్కినదేమి? ఎన్ని కేంద్రములలో ఎన్ని దినములాడెనో ఏకరువు పెట్టుటయు నిట్టిదే. అది పంపిణీదారుని చిట్టాకు భూషణము.

'వివరముగా.' విజ్ఞప్తికి ప్రాణమంతయు ఈ పదమున నున్నది. ఉదాహరణమునకు 1957 మార్చి 27న విడుదలైన మాయాబజారును గ్రహింతము. ఒక అభిమాని 'సావిత్రి అద్భుతముగా నటించినది' అని వ్రాసి కలము మూయును. కాదను ధైర్యమెవ్వరికి? వేరొకడు ఇట్లు వ్రాయును: మాయాశశిరేఖలో నున్నవాడు ఘటోత్కచుడు గనుక సావిత్రి ధరింపవలసినది కన్యారూపము మాత్రమే కాదు, కన్యారూపము ధరించిన రాక్షసుని రూపము, తలవంచుకొని సిగ్గుపడుచున్న పెండ్లికూతురి భుజములలోనికి ఉన్నట్టుండి ఎస్.వి. రంగారావుగారి ఠీవి ప్రవేశించి, మరల ఏమియు నెరుగనట్లు జారుకొనును. పెండ్లిపీటలమీద ఆ సుకుమారి తన కాలు తొక్కినంతనే రేలంగి లక్ష్మణకుమారుని మొగమున వరుని ఉబలాటమును ప్రాణభయమును ఒక్కమారే పెనగులాడును. ఇది చదివినవాడు ఆ ఘట్టమును మరల చూడక నిలువలేడు. ఇదియే వివరము.

ఇంతటితో ఆ చిత్రము తరుగునా? పాండవుల బంధువర్గపు కథయై యుండియు పాండవులెవ్వరును తెరమీదికి రాకుండ కె.వి. రెడ్డిగారు కథ నడపిన నేర్పొక వ్యాసము. పడవపాటలో మార్కస్ బార్ట్లే కురిపించిన వెన్నెల వేరొక వ్యాసము. ఆ వెన్నెలలోనికి పడుచుజంట తరువాత కృష్ణరుక్మిణులును, వారి తరువాత బలరామదంపతులును విహారమునకు వచ్చుటలోని చమత్కారము దానికి అనుబంధము. సాలూరి రాజేశ్వరరావుగారు కొన్ని బాణీలు కట్టి తప్పుకొనగా ఘంటసాలగారు సంగీతమును పూర్తిచేసిరి గదా, ఏ పాటలో ఎవ్వరి చేయి ఎంతవరకు గలదో తేల్చబూనినవానికి సంచికలు చాలవు. ఒక్క చిత్రమునందే ఇంత భోజనము సిద్ధముగా నుండగా అభిమాని ఆకులు లెక్కించి లేచిపోవుట మాకు కష్టముగా నున్నది.

శంక: అభిమాన కథానాయకుని చిత్రమే బాగుండనిచో ఏమి వ్రాయవలెను? దీనికి కొందరు, మాయాబజారులో సత్యపీఠమెక్కిన శకుని మనసులోని గుట్టునంతయు వెళ్ళగ్రక్కినట్లు, వ్యాసకర్తలను గూడ అట్టి పీటమీద నిలువబెట్టవలెనందురు. అది గౌరవదోషము, అనగా అనవసరపు బరువు. అభిమాని నిజము చెప్పనివాడు కాడు. ద్వితీయార్ధము నీరసించినదనియు, ఆ పోరాటము అనవసరమనియు ఆట విడిచిన పావుగంటకే టీకొట్టువద్ద గొంతు తగ్గించి చెప్పియే యున్నాడు. కాగితము ముందు కూర్చుండగానే వానికి జంకు పుట్టును. ఆ మాటను అచ్చువేసి, మరునాడు ఇతర సోదరులు కేకలు వేసినపుడు వ్యాసకర్త ప్రక్కన నిలువగల కార్యదర్శి యున్నచోట వ్యాసములు వాటంతట అవే వచ్చును. వచ్చిన వ్యాసమును చదివి, 'మూడవ పేరా నాకు రుచించలేదు, ఏలయనగా' అని ఒక పోస్టుకార్డు వ్రాయువాడుండుట అంతకంటెను ముఖ్యము. ముళ్ళపూడి వెంకటరమణగారు ఆంధ్రపత్రికలో చిత్రసమీక్షలు వ్రాసిన కాలమున, వారి చురకలకు ఉడుకుకొనుటకైనను చదువువారుండిరి. అట్టి పాఠకుడు కరువైనచో ఎంతటి కలమైనను మూడవ సంచికకు 'సూపర్' దగ్గరకే వచ్చి చేరును.

'బహుమతి కలదు.' ఇచ్చట పాఠభేదము. బస్సుస్టాండు ప్రతిలో 'బహుమతి క' అనునంతవరకే దృశ్యము. మిగిలిన అక్షరములను క్రొత్త చిత్రపు గోడపత్రిక కప్పివేసినది. కలదు అని ప్రాచీనులు, కలుగును అని నవ్యులు, కలుగవచ్చును అని గతసంవత్సరము వ్యాసము పంపినవారు. సందేహనివృత్తికై కార్యదర్శి నడుగగా, "ముందు వ్యాసాలు రానివ్వండి గురువుగారూ, తరువాత చూద్దాం" అనెను.