కంట్రోలు ఎవరి చేతిలో?

వడమాలపేట పిల్లోడొకడికి వీడియో గేముల మీద లేని అభిప్రాయం లేదు. 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించినప్పుడు దోస్తులంతా అన్నం మానేస్తే, వీడు నవ్వినాడు. ఫోను మీద వేళ్లు రుద్దేది ఆటే కాదంట, కంట్రోలరు పట్టిందే ఆటంట. 2021లో పీఎస్5 గేమ్ కన్సోలు మన దేశానికొచ్చినప్పుడు విడి కంట్రోలరు ధర 5,990 రూపాయలు. "అంత పోసి బొమ్మను తిప్పేదానికా? బోరు మోటారుకు స్టార్టరు మార్చల్ల గదరా" అన్నాడు వాళ్ల నాయన.

ఇప్పుడు వాడి దిగులంతా కంట్రోలరుకొచ్చే డ్రిఫ్టు. పుల్ల కింది పొటెన్షియోమీటరు అరిగితే, వేలు పెట్టకపోయినా బొమ్మ దానంతటదే పక్కకు జారిపోతుంది. ఇదేం కొత్త రోగమప్పా! ఎన్నికలైనాక మన లీడర్లకు వచ్చేదీ ఇదే గదా. కంట్రోలరుకైతే 1998లోనే సెగా వాళ్లు తమ కన్సోలు డ్రీమ్‌కాస్ట్‌లో అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సరు పెట్టినారు, అరిగే బాధ లేకుండా. లీడర్లకు అట్లాంటిది ఇంకా దిగలేదు.

గేములో ఊళ్లకు ఊళ్లు గుద్దుకుంటా పోయినా అడిగేవాడు లేడు. పుత్తూరు-తిరుపతి రోడ్డెక్కితే మాత్రం ఎస్వీపురం టోల్‌గేటుంది. ఏ బటను నొక్కినా లేవదు, ఫాస్టాగ్‌లో డబ్బులుండల్ల.