మీటరుకి మతిమరుపు

రాజమహేంద్రవరంలో పాత ఫోర్‌వీల్ డ్రైవ్ జీపు బేరానికెళ్తే మర్యాదకి మాత్రం లోటుండదు. "డాక్టరుగారి బండండీ, దివాన్‌చెరువు దాటలేదండీ, ఆయ్!" అంటారు. మోడల్ 2008, మీటరు 60 వేలు. క్లచ్ పెడల్ రబ్బరు మాత్రం అరిగి నున్నబడింది. ఛాసిస్ సందుల్లోంచి మారేడుమిల్లి ఎర్రమట్టి ఇంకా రాలుతోంది. గేరాయిల్ విప్పితే పాలటీ రంగు: వాగునీళ్లు లోపలే కాపురం పెట్టాయి. అదేమిటని అడిగితే "కొత్తాయిలండీ!" అని జవాబు.

15 ఏళ్లు దాటిన సొంత బండికి చట్టం అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ అడుగుతుంది. మీటరు వెనక్కి తిప్పే మెకానిక్ ఎలాగూ ఉన్నాడు. ఆర్సీలో పుట్టినతేదీ తిప్పేవాడు కూడా దొరికితే, బండి అమ్మేముందు బారసాల చేసెయ్యొచ్చు!