గోల్‌కీపర్ స్మృతి: తెనాలి పాఠం, రేపల్లె పాఠాంతరం

ఫుట్‌బాల్‌లో పదిమంది పనికి లెక్క ఉంది, పదకొండోవాడి పనికి లేదు. గోలు కొట్టినవాడి పేరు, కొట్టిన నిమిషంతో సహా మర్నాడు పేపర్లో పడుతుంది. ఆపినవాడు ఏమేం ఆపాడో పడదు. ఈమధ్య కంప్యూటర్లు ‘సేవ్‌లు ఇన్ని’ అని ఒక అంకె చూపిస్తున్నాయి గానీ, దొర్లుకుంటూ వచ్చి చేతుల్లో పడ్డ బంతీ, పైమూలకి ఎగిరి వేలికొసతో బయటికి తోసిన బంతీ ఆ అంకెలో ఒకటే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. కోచ్ ఎవరని అడగండి, ‘రహీం సాబ్’ అని ఠక్కున చెప్తారు. గోల్లో ఎవరని అడగండి, టీ గ్లాసులు కింద పెట్టేస్తారు.

ఈ ఖాళీని భర్తీ చేసే ఉద్యోగం అభిమానిది. జీతం లేదు, పైఅధికారి లేడు, ఆడిట్ అసలే లేదు. మాజీ గోల్‌కీపర్ల జ్ఞాపకాలు ఏటికేడు ఎందుకు లావెక్కుతాయో చెప్పడానికి ఇంతకుమించిన కారణం అక్కర్లేదు. అయినా శాస్త్రమన్నాక సూత్రం ఒక్కటి చెప్పి ఊరుకుంటే పరువు దక్కదు, భాష్యం ఉండాలి.

ముందు అధికారి నిర్ణయం. గోల్‌కీపర్‌ని తలుచుకునే అర్హత ఎవరిది? మ్యాచ్ చూసినవాడిది అని తొందరపడేవాళ్ళకి శాస్త్రప్రవేశం లేదు. చూసినవాడు ప్రత్యక్ష ప్రమాణానికి కట్టుబడ్డ మనిషి. ‘బాగానే పట్టాడండీ, రెండోసారి మాత్రం కాస్త తడబడ్డాడు’ అంటాడు. వాడి జ్ఞాపకానికి అక్కడితో ఎదుగుదల లేదు. చూడనివాడికి శబ్ద ప్రమాణం ఉంది: రేడియో, పేపరు, ఎవరో చెప్పగా విన్నవాళ్ళు చెప్పగా విన్నది. శబ్దానికి హద్దులు తక్కువ. కనుక ఉత్తమాధికారి తెనాలివాడు. హైదరాబాద్ మైదానాలకి దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరాన ఉన్నాడు, కలకత్తా ఇంకెక్కడో ఉంది, పైగా నాటకాల ఊరివాడు. మధ్యమాధికారి బాపట్లవాడు, ఎందుకంటే అక్కడ చదువుకున్నవాళ్ళు ఎక్కువ, మధ్యమధ్యలో ‘నిజమేనా?’ అంటుంటారు. తెనాలి దగ్గర మెయిన్ లైను బాపట్ల, చీరాల మీదుగా మద్రాసు వైపు పోతుంది, బ్రాంచి లైను రేపల్లె పోయి ఆగిపోతుంది. రెండు లైన్లవాళ్ళూ తెనాలి ప్లాట్‌ఫారం మీద టీ తాగుతూ కలుస్తారు కాబట్టి శాస్త్రచర్చకి అదే సభాస్థలి. రేపల్లెవాడి అధికారం సంగతి చివర్లో చూద్దాం.

ఇక లక్షణం. గోల్‌కీపర్ చేసే పనేమిటి? బంతి వలలో పడకుండా చూడటం. అంటే ఒకటి జరగకపోవడమే అతని సృష్టి. లేనిదాన్ని తెలుసుకోవడం ఎలాగన్నది మన తర్కంలో పాత తగువే. కుమారిల భట్టు అనుయాయులు అందుకోసమే అనుపలబ్ధి అని ఆరో ప్రమాణాన్ని ఒప్పుకున్నారు. నేలమీద కుండ కనపడకపోవడంవల్లే కుండ లేదని తెలుస్తుందన్నారు. వాళ్ళు కుండ దగ్గర ఆగారు, మనం వలదాకా వెళ్దాం. వలలో బంతి కనపడలేదు కనుక బంతి లోపలికి పోలేదు. పోలేదు కనుక ఎవరో ఆపారు. ఆపారు కనుక అద్భుతంగా ఆపారు. ఈ మూడో మెట్టు కుమారిలుడికి తట్టలేదు.

నైయాయికులు అభావాన్ని నాలుగు రకాలు చేశారు. ఇంకా కొట్టని గోలు ప్రాగభావం. పడ్డాక రిఫరీ విజిలేసి రద్దు చేసిన గోలు ప్రధ్వంసాభావం. మా స్కూలు టీము కొట్టబోయే గోలు అత్యంతాభావం. గోల్‌కీపర్ గోలు కాడు, గోలు గోల్‌కీపర్ కాదు అనేది అన్యోన్యాభావం. ఈ చివరిదానితో ఎవరికీ పనిలేదు గానీ, చెప్పకపోతే పండితులు ఊరుకోరు.

రికార్డు ఉన్నచోట స్మృతి చిక్కిపోతుందన్నది ఉపసూత్రం. దీనికి దృష్టాంతం పక్కనే ఉంది. ఈ ప్రాంతంలో కీపర్ అంటే మామూలుగా వికెట్ కీపరే. గుంటూరు జిల్లా నుంచి వెళ్ళి ఇండియాకి ఆరు టెస్టులు, పదిహేడు వన్డేలు ఆడిన ఎమ్మెస్కే ప్రసాద్ పట్టిన క్యాచులన్నీ స్కోరు కార్డుల్లో ఆయన పేరుమీదే ఉన్నాయి. కాబట్టి ఒక్కటి ఎక్కువ చెప్పడానికి లేదు. ఫలితం? జనం ఆయన కీపింగుని వదిలేసి, సెలెక్టర్ల ఛైర్మన్‌గా 2019 ప్రపంచకప్పుకి అంబటి రాయుణ్ణి తీసుకెళ్ళకపోవడాన్ని పట్టుకుని కూర్చున్నారు. ఇద్దరూ గుంటూరోళ్ళే కావడంతో ఆ తగువు ఇంటి తగువైపోయింది.

గోల్‌కీపర్ ఉత్పత్తి విషయంలో బాపట్ల సంప్రదాయమే ప్రమాణం. సూర్యలంక ఇసుకలో గానీ, ఏ కాలేజీ గ్రౌండు చివర గానీ ఆట మొదలుపెట్టాలంటే ముందు చెప్పులు విడవాలి. అటొక జత, ఇటొక జత, అదే గోలు. వెడల్పు అడుగులతో కొలుస్తారు. అవతలివాళ్ళ గోలుని అంగలు పంగలు చేసి, తమ గోలుని మడమకి బొటనవేలు ఆనించి కొలవడం ఆచారం. అంతర్జాతీయ నిబంధనలో స్తంభాల మధ్య 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు అని ఉంది. చెప్పులకి ఎత్తు ఎక్కడిది? అందుకని కీపర్ చెయ్యెత్తితే ఎంత అందుతుందో అదే అడ్డకర్ర. మర్మమంతా ఇక్కడుంది. పొడుగువాణ్ణి నిలబెడితే అడ్డకర్ర పైకి లేస్తుంది. పొట్టివాణ్ణి నిలబెడితే కిందికి దిగుతుంది, సగం బంతులు ‘పైనుంచి పోయాయి’ కిందికి వస్తాయి. ఆ లెక్కన ఎవడి తమ్ముడో, ఆరో తరగతివాడు గోల్లోకి వస్తాడు.

‘ఒరేయ్ బుడ్డోడా, నువ్వు నుంచో. గోలు పడితే మారుదువుగాని.’

గోలు పడుతుంది, ఎవడూ మారడు. చీకటిపడ్డాక చూస్తే ఎడమకాలి చెప్పు ఒకటి ఉండదు. దానికీ కీపర్నే అడుగుతారు. ఈ బుడ్డోడే పెద్దయ్యాక గోల్‌కీపర్ల అభిమాని అవుతాడు. ఫార్వర్డుల అభిమానులది వేరే గోత్రం.

స్మృతికి మూలపురుషుడు పీటర్ తంగరాజ్. 1935లో హైదరాబాద్‌లో పుట్టి, సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడి, సైన్యంలో చేరి మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టుకి వెళ్ళాడు. మొదట్లో ఆయన సెంటర్ ఫార్వర్డ్. అంటే లెక్కలో పడే పని వదిలి లెక్కలో పడని పనిలోకి వచ్చినవాడు. ఇంతటి వైరాగ్యం ఋషులకే చెల్లు. ఆ జట్టు 1955లోనూ 1958లోనూ డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1956, 1960 ఒలింపిక్స్ జట్లలో ఉన్నాడు, 1967లో అర్జున అందుకున్నాడు. కలకత్తాలో మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడింటికీ ఆడాడు. ఒకరి నీడ ఒకరికి గిట్టని ఆ మూడు క్లబ్బులకీ ఆడిన ఫార్వర్డ్ అయితే, అతను కొట్టిన గోలు ఎవరో ఒకరి వలలో పడి ఉంటుంది, ఆ తేదీ వాళ్ళకి గుర్తుంటుంది. కీపర్ ఆపిన బంతికి తేదీ ఉండదు గనక అందరూ ‘మావాడే’ అనొచ్చు.

1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్. రహీం కోచ్, సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వెళ్ళిన తులసీదాస్ బలరాం ఫార్వర్డుల్లో ఉన్నాడు, గోల్లో తంగరాజ్. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. మనవి రెండూ పీకే బెనర్జీ, జర్నైల్ సింగ్ కొట్టారు. ఉన్న మూడు గోల్స్‌కీ యజమానులు తేలారు. తంగరాజ్ ఆపినవాటికి యజమాని ఎవరు? అది తెనాలి చెప్పాలి. అక్కడ ప్లాట్‌ఫారం మీద నేను విన్న పాఠం ఇది:

‘ఆరున్నర అడుగుల మనిషిరా అబ్బాయ్. చెయ్యెత్తితే అడ్డకర్ర దాటిపోయేది.’

‘నువ్వు చూశావా బాబాయ్?’

‘చూడ్డమేంట్రా, రేడియోలో విన్నా. ఆయన దూకితే ఇక్కడికి చప్పుడొచ్చేది.’

తంగరాజ్ నిజంగానే ఆరడుగులు దాటిన మనిషి. మిగతా అంగుళాలు రిటైరయ్యాక వచ్చినవి. మామూలు మనుషులు వయసు మీదపడ్డాక కుంగుతారు, మాజీ గోల్‌కీపర్ పెరుగుతాడు. 2024లో అజయ్ దేవగణ్ రహీం వేషం వేసిన ‘మైదాన్’ వచ్చాక కుర్రాళ్ళకి కూడా 1962 జ్ఞాపకం రావడం మొదలైంది. పుట్టకముందు సంగతులు గుర్తురావడానికి పూర్వజన్మ వాసన అక్కర్లేదు, ఫోన్లో డేటా ఉంటే చాలు.

అలంకారశాస్త్రం ప్రకారం చెప్పాలంటే ఈ స్మృతికి ఆలంబనం మాజీ గోల్‌కీపర్. ఉద్దీపనం, ఇప్పటి గోల్‌కీపర్ చేతుల్లోంచి జారిన బంతి. ఇప్పటివాడు తప్పు చేసేదాకా పాతవాడు ఎవరికీ గుర్తురాడు. అనుభావాలు: నాలిక చప్పరించడం, భుజమ్మీది తువ్వాలు తీసి మళ్ళీ అదే భుజమ్మీద వేసుకోవడం, ‘అదే ఆయనైతేనా’ అని వాక్యం పూర్తిచెయ్యకపోవడం. పూర్తిచేస్తే రసభంగం.

ఇక్కడ ఒక పూర్వపక్షం. గోలు దూరినప్పుడు గోల్‌కీపర్ పేరు బాగానే గుర్తుంటుంది కదా అంటారు. ఉంటుంది. 1950 జులై 16న మరకానాలో ఉరుగ్వే ఆటగాడు ఘిగ్గియా కొట్టిన బంతి బ్రెజిల్ గోల్‌కీపర్ బార్బోసాకీ స్తంభానికీ మధ్యనుంచి దూరింది. ఆయన 2000లో చనిపోయేదాకా ఆ దేశం ఆ మాట ఎత్తుతూనే ఉంది. అది స్మృతి కాదు, పగ. మన శాస్త్రం పరిధిలోకి రాదు. మరి 1970లో పెలే తలతో కొట్టినదాన్ని ఇంగ్లండ్ గోల్‌కీపర్ బ్యాంక్స్ ఆపింది? అది టీవీలో అందరూ చూశారు. అందరిదీ ఒకే జ్ఞాపకం అయినప్పుడు ఇక అభిమానితో పనేముంది?

పాశ్చాత్యులు కూడా ఈ దిక్కుగా కొంత కృషి చేశారు. 286 పెనాల్టీ కిక్కులు పరిశీలించి 2007లో ప్రకటించిన ఒక పరిశోధన ప్రకారం, గోల్‌కీపర్ ఎటూ దూకకుండా మధ్యలో నిలబడితేనే ఆపే అవకాశం ఎక్కువట. అయినా నూటికి తొంభైసార్లకి పైగా ఎటో ఒకపక్కకి దూకుతారు. దూకి విఫలమైతే ‘పాపం, ప్రయత్నించాడు’ అంటారు, నిలబడి విఫలమైతే ‘గుంజలా నుంచున్నాడు’ అంటారు. పరిశోధకులు ఆ భయాన్ని పట్టుకున్నారు గానీ భవిష్యత్తుని చూడలేదు. నిలబడి ఆపిన బంతిని ఏ తాతా మనవడికి చెప్పడు. గోల్‌కీపర్ దూకేది బంతికోసమే కాదు, ముందుముందు తెనాలిలో చెప్పుకోవడానికి కూడా.

ఇప్పుడు లక్ష్మీకాంత్ కట్టిమణి ప్రకరణం. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ ఆడింది. ఆ రోజుకి తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ గుంటూరు జిల్లాలోనే ఉన్నాయి. పదిహేను రోజులకి, ఏప్రిల్ 4న, బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాకి వెళ్ళిపోయాయి. కనుక ఉమ్మడి జిల్లాకి ఆఖరి ఉమ్మడి గోల్‌కీపర్ కట్టిమణే అని ఒక వాదం. ఆయనది గోవా, ఫైనల్ గోవాలో, స్టాండ్స్ నిండా కేరళ జనం. కేరళవాళ్ళ పసుపు చొక్కా కూడా ఆ రోజు హైదరాబాదే వేసుకుంది. మనవాళ్ళ వంతుకి టీవీ ముందు కూర్చోవడం ఒక్కటే మిగిలింది, అది లోటు రాకుండా చేశారు.

ఆట 1-1 దగ్గర ఆగి పెనాల్టీలకి వెళ్ళింది. కట్టిమణి లెస్కోవిచ్‌ది ఆపాడు. నిషు కుమార్‌ది ఆపాడు. గీత ముందే దాటాడని రిఫరీ మళ్ళీ కొట్టమన్నాడు. మళ్ళీ ఆపాడు. జీక్సన్ సింగ్‌ది ఆపాడు. 3-1తో కప్పు హైదరాబాద్‌ది.

ఎన్ని ఆపినట్టు? రికార్డు మూడంటుంది, బాపట్లా మూడే అంటుంది. తెనాలి నాలుగంటుంది, శాస్త్రం తెనాలి వైపే ఉంది. మొదటిసారి ఆపడాన్ని రిఫరీ రద్దు చేశాడు, ఒప్పుకుందాం. ఆపడమంటే గోలుకి అభావం. అభావాన్ని రద్దు చేస్తే గోలు రావాలి. వచ్చిందా? విజిల్ బంతిని వలలోకి తొయ్యలేదే! గోలూ లేక, గోలు లేకపోవడమూ లేక ఆ బంతి ఎక్కడున్నట్టు? బాపట్లవాళ్ళు దీనికి జవాబు చెప్పకుండా బండి వచ్చిందని లేచిపోతారు. తెనాలివాళ్ళకి అసలు చిక్కే లేదు. స్టేజి మీద పద్యం రక్తికడితే ‘ఒన్స్ మోర్’ అంటారు, నటుడు మళ్ళీ ఎత్తుకుంటాడు. అంతమాత్రాన మొదట పాడింది పాడనట్టా?

‘రికార్డు చూడు బాబాయ్, మూడే.’

‘రికార్డు రాసినోడు గోల్లో నుంచున్నాడంట్రా?’

2025లో ఆ క్లబ్బే హైదరాబాద్ ఖాళీచేసి, పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది. ఇది శాస్త్రానికి పెద్ద సంకటం. క్లబ్బు ఉండి తను అందులో లేనివాడు మాజీ గోల్‌కీపర్. క్లబ్బే మాజీ అయితే? అతన్ని పోల్చడానికి ఇప్పటి గోల్‌కీపర్ లేడు, ఉద్దీపనం పోయింది. ఢిల్లీవాడి చేతుల్లోంచి బంతి జారితే మనకేమిటి బాధ? నిజానికి ఇది సంకటం కాదు, సౌకర్యం. కొత్తవాడు వచ్చి పాతవాణ్ణి మరిపించే ప్రమాదం తప్పింది. కట్టిమణికి ఇక ఎదుగుదలే.

రేపల్లె పాఠాంతరం మిగిలింది. తెనాలిలో నాలుగుగా బండెక్కిన లెక్క దారిలో ఒకచోట కుదురుగా ఉండదు. వేమూరులో ఎక్కినాయన, ఆ రోజు అడ్డకర్ర పైనుంచి పోయిన కిక్కు ఒకటుందని, అదీ ఆపినట్టేనని ఐదు చేస్తాడు. ఆ కిక్కు కొట్టింది హైదరాబాద్ ఆటగాడేననీ, ఎదురుగా ఉన్నది కేరళ కీపర్ అనీ ఎవరైనా అంటే, ‘పైనుంచి పోయిందా లేదా?’ అని నిలదీస్తాడు. భట్టిప్రోలు దాటాక జకార్తా సంగతి ఎత్తి తంగరాజ్ ఆపినవి కూడా ఇందులో కలుపుతారు. పల్లికోన వచ్చేసరికి తంగరాజ్, కట్టిమణి ఒకే మనిషి, ఏడడుగుల ఎత్తు. ఇంకా పెరిగేవాడే గానీ, రేపల్లెలో పట్టాలు అయిపోతాయి.