‘రెండ్రోజుల్లో అయిపోద్ది’ అను వాక్యమునకు టీకా తాత్పర్యము

అవతారిక

నెల్లూరికి తూర్పున, మైపాడు తీరమునకు చేరువలో, రొయ్యల గుంటల నడుమనున్న మిద్దెయింట కూర్చుండి సాఫ్ట్‌వేరు కొలువు చేయుచున్న మా మేనల్లుడు, బెంగుళూరునందలి మేనేజరు పేమెంటు పేజీ యెప్పటికి సిద్ధమగునని ప్రశ్నింపగా, గుంటలోని ఏరియేటరు ఒక్క చుట్టు తిరుగునంతలో పలికిన వాక్యము ఈ వ్యాఖ్యకు మూలము. అక్షరములు అల్పములయ్యు అర్థము దురవగాహమగుటచేతను, ఆ మాటను నమ్మిన యింటివారు పదునొకండవనాడు సైతము రాత్రి రెండు గంటలకు కాఫీ కాచుచుండుటచేతను, దీనికి టీక ఆవశ్యకమైనది.

మూలము

“రెండ్రోజుల్లో అయిపోద్ది సార్, ముందు అర్జంటువన్నీ చేసేస్తాం.”

ప్రతిపదార్థము

రెండ్రోజుల్లో = రెండు దినములయందు (ఇచట ‘రెండు’ సంఖ్యావాచకము గాదు, వినయవాచకము); అయిపోద్ది = సమాప్తినొందును (కర్త చెప్పబడలేదు గనుక, పని తనంతట తానే యగునని ధ్వని); సార్ = ఓ ప్రభూ (దీని విశేషము చివర చెప్పబడును); ముందు = ప్రథమమున; అర్జంటువి = త్వరపడవలసిన పనులను; అన్నీ = సమస్తమును; చేసేస్తాం = చేయుదుము (ఈ బహువచనము గౌరవార్థము గాదు, నిందను పంచుకొనుటకు).

విశేషములు

1. ‘రెండ్రోజుల్లో’ అనుచో అవ్యాప్తి దోషము. వక్త తలచినది కోడు వ్రాయుట మాత్రమే. శ్రోత గ్రహించినది వ్రాయుట, పరీక్షించుట, సహోద్యోగి చదివి తప్పులు చూపుట, దిద్దుట, సర్వరుపైకి ఎక్కించుట, ఎక్కించినది దిగివచ్చిన మరల ఎక్కించుట మొదలగునదంతయు. పని స్వరూపము తెలియని తొలిదశలో వేసిన అంచనా నాలుగింతలకు పెరుగవచ్చును, నాలుగవ వంతుకు తగ్గవచ్చును అని బారీ బోయెం పండితుడు 1981 నాటి తన గ్రంథమున చూపెను. ఆ లెక్కను రెండు దినములనగా అరదినము మొదలు ఎనిమిది దినముల వఱకు. ఈ విషయమున మా తీరపు రొయ్యల రైతు గురుస్థానీయుడు: గుంటలో సరుకెంతయని అడిగిన, నీటి పైభాగమును జూచి పలుకక, నలుమూలల విసురువల వేయించి, పడినవానిని తూచి, కిలోకు 50 తూగిన 50 కౌంటనియు, 100 తూగిన 100 కౌంటనియు నిర్ణయించి, వేసిన మేతను, వెనుకటి పట్టుబడిని సరిచూచుకొని మఱి నోరు విప్పును. అట్లే బృందము గడచిన నెలలలో ముగించిన ఇట్టి పనులు నాలుగింటిని తీసి, మొదలిడిన తేదీని, ముగిసిన తేదీని చూచినచో, అంచనా ఆశనుండి గాక లెక్కనుండి పుట్టును.

2. ‘రెండు’ అను అంకెను ఒక్కడే పలుకరాదు. 2002లో జేమ్స్ గ్రెనింగ్ కల్పించిన ‘ప్లానింగ్ పోకర్’ అను పేకాటలో, బృందమునందలి ప్రతివాడును పని పరిమాణమును సూచించు ముక్కను బోర్లించి పట్టి, అందఱును ఒక్కమాఱు త్రిప్పుదురు. పెద్దవాని సంఖ్య చిన్నవాని బుద్ధికి అంటకుండుటకు ఈ కట్టడి. ఆ ముక్కలపై తఱచుగా కానవచ్చు 1, 2, 3, 5, 8, 13 అను సంఖ్యలను పాశ్చాత్యులు 1202లో గ్రంథము వ్రాసిన ఫిబొనాచి పేర పిలుతురు గాని, లఘుగురువులతో ఇన్ని మాత్రలను ఎన్ని విధముల నింపవచ్చునని గణించిన మన ఛందోవేత్తలలో హేమచంద్రుడు ఇంచుమించు 1150 నాటికే వానిని చెప్పియుండెను: నాలుగు మాత్రలకు అయిదు రూపములు, అయిదింటికి ఎనిమిది, ఆఱింటికి పదుమూడు. పని పెరిగినకొలది నిశ్చయము తఱుగును గనుక అంకెల నడుమ ఎడము పెరుగుట ఉచితము. 11కును 12కును భేదము చూపగలనన్నవాడు ప్రగల్భుడు. ఒకడు 3, మఱియొకడు 13 చూపినచో ఆ యిరువురే మాటాడవలెను. 13 పట్టినవాడు పిరికివాడు గాడు, పాత కోడును చదివినవాడు. మఱియు ఈ కొలత మన యిండ్ల స్థలముల అంకణము వంటిది. ఒక ఊరి అంకణము మఱియొక ఊరి అంకణమునకు సరిపోనట్లే, ఒక బృందపు అయిదు వేఱొక బృందపు అయిదు గాదు.

3. ‘ముందు… అన్నీ’ అనుచో విరోధాభాసమని కొందఱు భ్రమింతురు. ఆ యలంకారమున విరోధము తుదకు పరిహారమగును. ఇచట కాదు, కావున ఇది దోషమే. 1994లో డై క్లెగ్ చెప్పిన ‘మాస్కో’ పద్ధతి పనులను తప్పనిసరివి, ఉండవలసినవి, ఉన్న మేలైనవి, ఈసారికి లేనివి అని నాలుగు తెఱగుల విభజించును; ప్రాణమంతయు నాలుగవ దానియందే. జాప్యమువలన వారమునకు కలుగు నష్టమును పనికి పట్టు కాలముచే భాగించి, ఫలము పెద్దదైనదానిని ముందు పట్టుమని డోనాల్డ్ రైనర్ట్‌సెన్ మతము. ఇందులకు నెల్లూరికి పరదేశపు నిదర్శనములేల? నన్నయ అరణ్యపర్వమును సగమున విడిచి యుండగా, తిక్కన సోమయాజి ఆ శేషమును ముట్టక విరాటపర్వమునుండి పట్టి పదునైదు పర్వములు ముగించెను; శేషము ఎఱ్ఱనకు మిగిలెను. కారణములను పండితులు పలువిధముల చెప్పుదురు. ఫలము మాత్రము ఒక్కటి: విడిచినదేదో అందఱకును తెలిసియుండుటచే, వెనుక వచ్చినవాడు వెదకుకొనకయే పూరింపగలిగెను.

పాఠాంతరము

కొన్ని వాట్సాప్ ప్రతులయందు ‘అయిపోద్ది’కి మాఱుగా ‘చూస్తా’ అని యున్నది. లేఖకప్రమాదమని కొందఱందురు, సత్యమునకు సమీపమగుటచే అదియే సాధుపాఠమని మా మతము.

తాత్పర్యము

“అయ్యా, ఇట్టి పేజీలకు మాకు మునుపు మూడు మొదలు ఏడు దినములు పట్టినవి. బ్యాంకువైపు కోడును రెండు దినములు చూచినపిదప ఈ యెడము తగ్గించి మరల చెప్పెదము. దీనిని ముందుకు తెచ్చినచో నెలసరి రిపోర్టు వెనుకకు పోవును, అది తమకు సమ్మతమేని ఇప్పుడే మొదలిడెదము” అని భావము. మూలమున ఇందులో ఒక్క ముక్కయు లేదు. వక్త హృదయమున నుండవలసినది గనుక అధ్యాహారము చేయబడినది.

ఇచటికి టీక సమాప్తము. ‘సార్’ అను సంబోధనకు చెప్పెదనన్న విశేషము మిక్కిలి పెద్దదని వ్రాయబూనిన పిదప తెలిసెను. అది ఈసారికి లేదు.