ఓడిన డేగ కాకిడేగ అవుతుంది

సంక్రాంతికి వారం ముందు నుంచి మన టీవీల్లో రాశిఫలాలు రెండు రకాలు వస్తాయి. మనుషులవి పొద్దున్నే వచ్చి పోతాయి. పుంజులవి రోజంతా వస్తూనే ఉంటాయి. భోగి నాడు ఏ రంగు గెలుస్తుంది, సంక్రాంతి నాడు ఏ జాములో ఏది దింపాలి, కనుమ నాడు ఏ దిక్కు నుంచి బరిలోకి తేవాలి అని పట్టికలు వేసి మరీ చూపిస్తారు. మేషరాశి వారికి ధనలాభం, స్వల్ప అనారోగ్యం అని ఒక్క ముక్కలో తేల్చేసే పెద్దమనిషి కోడి దగ్గరకొచ్చేసరికి ఘడియలు, విఘడియలతో సహా చెబుతాడు. మన జాతకం మీద ఎవరూ లక్షలు కాయరు కదా మరి.

ఈ విద్య పేరు కుక్కుట శాస్త్రం. గన్నవరం, కంకిపాడు, గుడివాడ, కైకలూరు వైపు ఒకప్పుడు చొక్కా జేబులో నలిగిన పుస్తకంగా తిరిగేది, ఇప్పుడు ఫోన్లో పీడీఎఫ్‌గా తిరుగుతోంది. ఈకలు నల్లగా ఉంటే కాకి. తెల్లగా ఉంటే సేతు. ఎర్రగా ఉంటే డేగ. మెడ మీద నలుపుంటే సవల, నలుపూ తెలుపూ సమానంగా ఉంటే పర్ల. ఆ తరవాత నెమలి, పింగళ, కౌజు, మైల, పూల, అబ్రాసు, గేరువా, ముంగిస, కొక్కిరాయి. రెండు కలిస్తే కాకిడేగ, కాకినెమలి. ఒక్కో రంగుకీ రోజులో అయిదు అవస్థలు: రాజ్యం, భోజనం, గమనం, నిద్ర, మరణం. మన రంగు రాజ్యంలో ఉన్న వేళ ఎదుటి రంగు మరణంలో ఉంటే గెలుపు మన గూట్లో ఉన్నట్టే. ఇది చాలదన్నట్టు వారం, తిథి, పక్షం, దిక్కు, 27 నక్షత్రాలు, చివరికి యజమాని పేరులో మొదటి అక్షరం కూడా లెక్కలోకి వస్తాయి. కోడికి కష్టమొస్తే నామకరణం చేసిన తాతగారిని కూడా పిలిచి అడగాలన్నమాట.

రంగును పట్టే కన్నును మాత్రం నేను తక్కువ చేయను. ఈడుపుగల్లులోనో అంపాపురంలోనో పదేళ్ళ కుర్రాడికి దూరం నుంచి పుంజును చూపిస్తే, “పచ్చకాకండీ, డేగ కాదు” అని ఠక్కున చెబుతాడు. ఎరుపు, నలుపు అనే రెండు మాటలతో మనం కాలక్షేపం చేసే చోట వాళ్ళకు పాతిక మాటలున్నాయి. పక్షుల మీద పరిశోధన చేసేవాళ్ళు కూడా మెచ్చుకునే చూపు అది. చిక్కల్లా చూశాక చెప్పే జోస్యంతోనే.

పందెమంటే రెండు పుంజులు. ఒకటి గెలుస్తుంది, ఇంకోటి ఓడుతుంది. కళ్ళు మూసుకుని చెప్పినా సగం సార్లు నిజమవుతుంది. ఇంత సుఖమైన వృత్తి ఇంకోటి లేదు. పాపం వాతావరణ శాఖ వారికి ఈ సౌకర్యం లేదు. తుపాను బందరు దగ్గర తీరం దాటుతుందని చెప్పి అది కాస్తా బాపట్ల వైపు జరిగితే మర్నాడు అందరూ దుమ్మెత్తిపోస్తారు. పైగా బరిలో ఇటు నిలబడ్డవాడూ అదే పుస్తకం చూసి వచ్చాడు, అటు నిలబడ్డవాడూ అదే పుస్తకం చూసి వచ్చాడు. ఇద్దరికీ రాజ్యమే వచ్చింది! శాస్త్రం అంత గట్టిదే అయితే మరణం వచ్చినవాడు ఇంటి దగ్గరే ఆగిపోవాలి కదా. అందరూ పుస్తకం ప్రకారం నడుచుకుంటే మూడు రోజుల పండక్కి ఒక్క పందెం కూడా జరగకూడదు, ఎదురు నిలబడేవాడే దొరకడు కాబట్టి. పోలీసు శాఖ ఇన్నేళ్ళూ చేయలేకపోయిన పని శాస్త్రం ఒక్క ఏడాదిలో చేసి చూపించేది.

ఓడాక జరిగే తతంగం ఇంకా ముచ్చటగా ఉంటుంది. డేగకు తిరుగులేదన్న పూట డేగే పడిపోయింది. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. యజమాని దాన్ని ఒళ్ళో పెట్టుకుని మెడ మీది ఈకలను వేళ్ళతో పాయలు తీసి ఉఫ్‌మని ఊదాడు. అడుగున బూడిదరంగు నూగు. రెక్క విప్పాడు. ఎరుపు మధ్యలో రెండు నల్ల ఈకలు. పక్కనున్న పెద్దాయన కళ్ళద్దాలు పైకి తోసుకుని వంగి చూసి తీర్పు చెప్పాడు: “ఇది డేగెక్కడిది బాబాయ్, కాకిడేగైతేను! ఈ పూట దీనికి నిద్ర!” అంతా హమ్మయ్య అనుకున్నారు. కోడి పోయింది, కాసిన డబ్బు పోయింది, పెళ్ళాం చెవి దుద్దుల సంగతి ఇంటికెళ్ళాక గానీ తేలదు. శాస్త్రానికి మాత్రం ఒక్క ఈక కూడా రాలలేదు.

ఆ రెండు నల్ల ఈకలూ పొద్దున కూడా అక్కడే ఉన్నాయి. గెలిచి ఉంటే వాటి జోలికి ఎవరూ వెళ్ళేవారు కారు. ఈకలు దొరక్కపోతే దిక్కు ఉంది. దిక్కు సరిగ్గానే ఉంటే ఘడియ దాటిపోయిందంటారు. అదీ కుదరకపోతే విజయవాడ సూర్యోదయానికి గుణించిన పట్టికను కైకలూరులో వాడాడని తప్పు పడతారు. నిజమే, రెండు ఊళ్ళకీ సూర్యుడు రెండు నిమిషాల పైచిలుకు తేడాతో ఉదయిస్తాడు. ఓటమికి ఇన్ని తలుపులు పెట్టి, గెలుపుకు ఒక్కటే పెట్టిన ఇల్లు ఇది.

పుస్తకాన్ని పుస్తకంతోనే కొట్టవచ్చు. ఒక పెట్ట పొదిగిన గుడ్లు 21 రోజులకు పిల్లలవుతాయి, దాదాపుగా అన్నీ ఒకే రోజు. పెరిగాక చూస్తే అందులో ఒకటి కాకి, రెండు డేగలు, ఒకటి నెమలి. తల్లీ తండ్రీ ఒకటే, నక్షత్రం ఒకటే, గంప ఒకటే. నక్షత్రం లెక్కన అన్నింటి రాతా ఒకటే కావాలి. రంగు లెక్కన అదే వేళ ఒక తమ్ముడు రాజ్యమేలుతుంటే ఇంకో తమ్ముడు చావుకు సిద్ధంగా ఉండాలి. ఒకే పుస్తకంలో రెండు పేజీలు పోట్లాడుకుంటుంటే పుంజుల పోట్లాట దేనికి? ఆ రంగు తేడాకు కారణం ఈకలో చేరే రెండు రకాల మెలనిన్. నలుపుకు యూమెలనిన్, ఎరుపుకు ఫియోమెలనిన్. అమావాస్య ఎప్పుడొచ్చిందో ఆ రెంటికీ తెలియదు.

ఇంకో మాట. రంగును చూసేందుకు మన కంట్లో మూడు రకాల కోన్ కణాలుంటే కోడి కంట్లో నాలుగుంటాయి. మనకు కనిపించని అతినీలలోహిత కాంతి పక్షులకు కనిపిస్తుంది. అంటే మనం డేగ అని పేరు పెట్టిన పుంజు ఎదుటి పుంజు కంటికి ఎలా ఉంటుందో మనం చూడలేం. వాళ్ళలో వాళ్ళకు జరిగే గొడవకు మనం మన కళ్ళద్దాలతో పంచాంగం రాసి ఇచ్చాం.

నమ్మకం ఎంత గట్టిదో తెలుసుకోవాలంటే మేత చూడాలి. పందెం పుంజుకు నెలల తరబడి బాదంపప్పు, జీడిపప్పు, ఉడికించిన గుడ్డు, మటన్ ఖైమా పెడతారు. చెరువులో ఈత కొట్టిస్తారు, పరుగెత్తిస్తారు, వేడినీళ్ళ కాపడం పెడతారు. రంగే గెలిపిస్తే ఇదంతా దేనికండీ? పట్టిక చూసుకుని నూకలు చల్లి పెంచుకోవచ్చు. ఇక పండగ నాడు కాలికి కత్తి కట్టే మనిషి దగ్గర చూడండి. అతను దారం చుట్టేటప్పుడు యజమాని ఊపిరి బిగబట్టి నిలబడతాడు. కత్తి వాలు కాస్త తప్పినా, ముడి కాస్త వదులైనా పందెం పోయినట్టే. అందుకే పేరున్న కత్తిగాడికి అంత గిరాకీ. రంగు మీద నమ్మకం మాటల్లో ఉంటుంది, డబ్బు మాత్రం మేతకూ కత్తికీ పోతుంది. మా డెల్టా రైతు అంత తెలివితక్కువవాడు కాదు.

ఆమధ్య సంక్రాంతికి ఒక వీడియో ఫోన్లన్నీ తిరిగింది. ఒకే బరిలో కొన్ని పుంజులను కలిపి వదిలారు. మిగతావన్నీ ఒకదాన్నొకటి పొడుచుకుని పడిపోయాయి. ఎవరి జోలికీ పోకుండా నిలబడ్డ పుంజు గెలిచింది. దాని రంగేమిటని వెతికినవాళ్ళున్నారు. దాని బుద్ధేమిటని అడిగినవాళ్ళు తక్కువ.

రంగుకూ ప్రాణానికీ సంబంధమే లేదని నేననడం లేదు. పావురాల విషయంలో ఉందని తేలింది. తేల్చిన పద్ధతి వినండి. పావురాలను పందేలకు వదిలేవాళ్ళకు, చెన్నైలో గానీ మన డాబాల మీద గానీ, డేగ అంటే పుంజు రంగు కాదు, నిజంగా ఆకాశం నుంచి దిగే యముడు. ఊళ్ళో షిక్రా డేగ ఉంటుంది. చలికాలంలో బైరి డేగ వస్తుంది. అది రెక్కలు ముడిచి దూకితే గంటకు మూడు వందల కిలోమీటర్ల పైనే వేగం. ఆ పావురాలవాళ్ళలోనూ రంగు పండితులకు కొదవలేదు. తెల్లదాన్నే ముందు పడుతుందని ఒకరు, గుంపులో వేరుగా కనిపించేదాన్ని పడుతుందని ఒకరు. కాలిఫోర్నియాలోని డేవిస్‌లో కొందరు పరిశోధకులు ఈ గొడవ తేల్చడానికి ఏడేళ్ళు ఆకాశం చూస్తూ కూర్చున్నారు. బైరి డేగలు ఊరపావురాల మీద దూకిన ప్రతి దాడినీ రాసుకున్నారు. 2005లో ‘నేచర్’ పత్రికలో ఫలితం వచ్చింది: నడుము మీద, తోకకు పైన తెల్లటి మచ్చ ఉన్న పావురాలు చాలా తక్కువగా దొరుకుతున్నాయి. డేగ మీదికి వచ్చే క్షణంలో పావురం ఒక్కసారి పక్కకు దొర్లుతుంది. ఆ తెల్ల మచ్చ డేగ చూపును లాగేస్తుంది, రెక్క ఎటు తిరిగిందో అది గమనించేలోపు పావురం దాటిపోతుంది. ఇదీ వాళ్ళిచ్చిన వివరణ.

మన పండితుడైతే ఇక్కడే పుస్తకం అచ్చు వేయించేవాడు. వాళ్ళు ఆగలేదు. మచ్చ ఉన్న పావురాలకు మామూలు ఈకలు, లేనివాటికి తెల్ల ఈకలు మార్చి అతికించి మళ్ళీ వదిలారు. అదృష్టం కూడా ఈకలతో పాటే మారింది. తెల్ల మచ్చ అతికించుకున్నవి తప్పించుకున్నాయి, పోగొట్టుకున్నవి దొరికిపోయాయి. అప్పుడు గానీ రంగుదే ఘనత అనలేదు. వాళ్ళు రంగు మార్చి ఫలితం కోసం చూశారు. మనం ఫలితం వచ్చాక రంగు మారుస్తాం.

బ్రిటన్‌లో రేసు పావురాలు ఇంటికి రాకపోతే డేగలనే తిట్టేవారు. డేగను భయపెట్టడానికి రెక్కల మీద కళ్ళ బొమ్మలు వేసి చూసినవాళ్ళు కూడా ఉన్నారు. 2000 ప్రాంతంలో కూర్చుని లెక్క తీస్తే, దారి తప్పి, అలిసిపోయి, తీగలకూ గోడలకూ గుద్దుకుని పోయేవే ఎక్కువని తేలింది. డేగల వాటా అందులో చిన్నదే. పావురం ఎక్కడ తప్పిపోయిందో అడగడం కన్నా డేగను తిట్టడం తేలిక. పుంజుకు మేతెందుకు తగ్గిందో, కత్తి ఎందుకు జారిందో అడగడం కన్నా రెక్క కింద ఊదడం తేలిక.

పోనీ మన ‘డేగ’ పరాక్రమం పెరట్లో చూద్దామంటే, పైన గద్ద నీడ కదిలితే చాలు, లక్షల పుంజు సన్నగా ఒక కూత కూసి నేలకు అతుక్కుపోతుంది. ఆకాశం నుంచి వచ్చే శత్రువుకు ఒక కూత, నేల మీద వచ్చే కుక్కకూ పిల్లికీ ఇంకో కూత. పక్షుల పరిశోధకుడు పీటర్ మార్లర్ బృందం కోళ్ళ మీద ఇది తేల్చింది. పైన చెప్పిన పావురాల పరిశోధనలోనూ ఆయన ఉన్నాడు. ఆ పుంజుకు తాను డేగనని ఎవరూ చెప్పినట్టు లేదు.

ఓటమికి సాకు వెతకడం మనకు కొత్త జబ్బు కాదు. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు కోడిపందెంలో ఓడి, తన వాళ్ళతో మాచర్ల వదిలి ఏడేళ్ళు వలస పోయాడు. చెప్పుకునే కథల్లో అందుకు కారణం ప్రత్యర్థి నాగమ్మ కపటమే. ఆ రోజుల్లో ఓడినవాడు ఎదుటి మనిషిని అనుమానించేంత తెలివిగా ఉండేవాడు. ఈ రోజుల్లో తన కోడి చంకలో ఈకలు లెక్కపెడుతున్నాడు.

చట్టం గురించి ఎక్కువ చెప్పను, అది కూడా వ్యంగ్యమే రాస్తోంది. జంతువులను పోట్లాటకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటిసారి దొరికితే జరిమానా పది నుంచి యాభై రూపాయలు. బరి పక్కన పార్కింగుకే అంతకన్నా ఎక్కువ తీసుకుంటారు. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు పందేలు ఆపమని గట్టిగానే చెప్పింది. ఏటా పండక్కి ముందు పోలీసులు కత్తులు పట్టుకుని ఫొటోలు దిగుతారు, భోగి నుంచి మూడు రోజులు ఖాకీ రంగుకు నిద్రావస్థ నడుస్తుంది, ఆపైన మేలుకుంటారు. ఈ ఒక్క జోస్యం మాత్రం ఏ ఏడాదీ తప్పలేదు.

ఎలాగూ ఆపరు కాబట్టి శాస్త్రానికి ఒక అవకాశం ఇద్దామని నాకో ఆలోచన వచ్చింది. బరి మొదలవక ముందే ముగ్గురు పెద్దలు ప్రతి పుంజునూ రెక్క కింద, మెడ కింద ఊది చూసి రంగు ఇదీ అని రాసి సంతకాలు పెట్టాలి. పండితుడు ఏది గెలుస్తుందో రాయాలి. కవరు అంటించి ఊరి పోస్టుమాస్టరుగారి దగ్గర ఉంచి ముక్కనుమ నాడు అందరి ముందూ తెరవాలి. తరవాత రంగు మార్చడం ఉండదు, దిక్కు అనడం ఉండదు. కంకిపాడు వైపు పాత పందెగాడు ఒకాయన ఉంటే ఈ మాట చెప్పాను. ఆయన తువాలుతో మొహం తుడుచుకుని నా వైపు జాలిగా చూశాడు.

“బానే ఉందండీ. అంతా ముందే తేలిపోతే ఇంక పందెం కాసేదెవరు?”