జీతంలేని గైడు అర్జీ

విశాఖపట్నంలో చూడదగ్గ స్థలాల జాబితా తయారుచేసే అధికారి గారి దివ్యసముఖమునకు,

విషయం: చుట్టాలకు ఊరు చూపించే డ్యూటీని గుర్తించి, తమరి జాబితాను సవరించమని కోరుతూ.

ఆర్యా,

తమరి పేరు నాకు తెలియదు. తమరి కుర్చీ ఏ భవనంలో ఏ అంతస్తులో ఉందో కూడా తెలియదు. జాబితాతో మాత్రం పాత పరిచయం. కైలాసగిరి, జలాంతర్గామి, రుషికొండ, సింహాచలం, జూ, టైముంటే భీమిలి. సంక్రాంతికీ వేసవికీ మా ఇంట్లో దిగే చుట్టాలందరి ఫోన్లలోనూ ఇదే వరస. ఆ వరస తప్పకుండా వాళ్లను తిప్పి, నీళ్లసీసాలు మోసి, కైలాసగిరి మీద శివపార్వతుల విగ్రహాల ముందు ఫొటోలు తీసి, రాత్రికి ఇల్లు చేర్చే ఉద్యోగం ఈ ఊళ్లో కాపురం ఉన్న ప్రతివాడికీ ఉంది. నియామక పత్రం ఇవ్వరు. సెలవు దొరకదు. పదవీ విరమణ అసలే లేదు.

పదవీ విరమణ మాట వచ్చింది కాబట్టి అసలు సంగతికొస్తాను. బీచ్ రోడ్డు మీద మనం ఏం చూపిస్తున్నామో ఒకసారి చిత్తగించండి. జలాంతర్గామి ఐఎన్ఎస్ కురుసుర 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, మరుసటి ఏడు నుంచి ఇసుక మీద కొలువుతీరింది. దాని ఎదురుగా టీయూ-142 విమానం. 29 ఏళ్లు సముద్రం మీద కాపలా కాసి 2017లో దిగింది, ఆ ఏడాదే మ్యూజియం అయింది. ఈ రెంటి మధ్య రోడ్డు మీద పొద్దున్నే చేతులూపుకుంటూ నడిచే పెద్దమనుషుల్లో చాలామంది పోర్టులోనో స్టీల్ ప్లాంటులోనో యూనివర్సిటీలోనో సర్వీసు ముగించినవారే. విశాఖ మ్యూజియంలోనైతే 1942లో జపానువాళ్లు మన మీద వేస్తే పేలని బాంబు ఉంది. అంటే పని మానేసినవాటినే కాదు, పని చేయనివాటిని కూడా భద్రంగా చూపిస్తాం. పని చేస్తున్నవి మాత్రం జాబితాకెక్కవు. నా అర్జీ అంతా ఇదే.

కురుసురను చిన్నచూపు చూస్తున్నానని అనుకోవద్దు. 91 మీటర్ల ఇనుప గొట్టంలో అంతమంది నావికులు ఎలా బతికారో, ఆ గుండ్రటి తలుపుల్లోంచి నడుం వంచి దూరితేగానీ తెలియదు. నౌకాదళంలో పనిచేసి వచ్చినవారు లోపల ఓపిగ్గా చెబుతారు. అక్కడికి ఎన్నిసార్లు వెళ్లమన్నా వెళ్తాను. నా గొడవ బయటికొచ్చాక చూపించని వాటి గురించి.

బయట బీచ్ ఉంటుంది. చుట్టం నీళ్లు చూడగానే ప్యాంటు మడిచి దిగుతాడు. ఆర్కే బీచ్‌లో లోపలికి లాగేసే ప్రవాహాలున్నాయనీ, మనుషులు పోతున్నారనీ గట్టున నిలబడి అరుస్తాను. అలా గైడు నుంచి లైఫ్‌గార్డుగా నాకు ప్రమోషన్ వస్తుంది. జీతంలో మార్పుండదు. అతను తడిసి వచ్చి, మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని చతికిలబడ్డాక ఆ ఇసుక కథ చెబుదామనిపిస్తుంది. ఈ తీరం వెంట ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తూ ఉంటుంది. హార్బరుకు కట్టిన అడ్డుకట్టలు దాన్ని దారిలోనే ఆపేస్తాయి. ఉత్తరాన ఉన్న మన బీచ్‌కు రావలసిన ఇసుక రాక, ఉన్నది అలలకు కోసుకుపోతుంది. అందుకని పోర్టు మొగలో డ్రెడ్జర్లు తవ్వి తీసిన ఇసుకను గొట్టాలతో తెచ్చి ఇక్కడ పోస్తుంటారు. పోర్టు కట్టే రోజుల్లోనైతే రెండు పాత ఓడల్నే ముంచి అలలకు అడ్డం వేశారు. ఇవన్నీ చుట్టాలకు నేను చెప్పవలసిందేనా? తమరి జాబితాలో ఒక్క ముక్క ఉంటే నా మాట మీద కాస్త నమ్మకం కుదురుతుంది కదా.

చేపల సంగతి ఇంకా ఘోరం. వేసవిలో మా బావమరిది హైదరాబాద్ నుంచి సకుటుంబంగా దిగుతాడు. "ఏం బావా, వైజాగ్ వచ్చి కూడా కోడికూరేనా?" అంటాడు. తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు వేటకెళ్లకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలం. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు పక్కపక్కన కట్టేసి ఉంటాయి, జాలర్లు వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. పిల్లల సెలవులూ సరిగ్గా అప్పుడే. చేపలకూ పిల్లలకూ ఒకేసారి సెలవులిచ్చి, మధ్యలో నన్ను ముద్దాయిని చేశారు. వేట తెరిచాక తెల్లవారుజామున అక్కడ జరిగే వేలంపాట చూడాలి. గంపల దగ్గర ఆడవాళ్లు వేళ్ల మీదే లెక్క తేల్చేస్తారు, కొత్తవాళ్లు నోరు తెరిచేలోపు సరుకు చేతులు మారిపోతుంది. కైలాసగిరి మీద ఏం పెట్టినా అంత సందడి రాదు.

వన్‌టౌన్, అంటే పాత ఊరి గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, క్షమించాలి. ఈ ఊరు అక్కడ పుట్టి బీచ్ రోడ్డుకొచ్చింది. హార్బరు పక్కన మూడు గుట్టలున్నాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. (అక్కడ మతసామరస్యం మీద శిలాఫలకం వేసే ఆలోచన ఉంటే విరమించుకోండి. మెట్లెక్కేవాళ్లకు అది తెలుసు.) పైన నిలబడితే ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, మధ్యలో సన్నటి కాలువ. 1933 నుంచీ ఓడలు ఆ సందులోంచే లోపలికొస్తున్నాయి. టగ్గులు పట్టుకుని తీసుకొస్తుంటే, అంత పెద్ద ఓడ చప్పుడు లేకుండా కొండను రాసుకున్నట్టు పోతుంది. టిక్కెట్టు లేదు. కిందకి దిగి బురుజుపేట వెళ్తే కనకమహాలక్ష్మి అమ్మవారు. నెత్తిన కప్పు లేదు, ఎండావానా ఆవిడవే. ఎవరి పూజ వాళ్లే చేసుకోవచ్చు. మార్గశిరం గురువారాల్లో ఆ వీధుల్లోకి అడుగుపెట్టడం కష్టం. ఇదే పాత ఊరి వాళ్లు పోర్టు బొగ్గు దుమ్ము గురించి ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. చుట్టాలను తీసుకెళ్తే డాబాల మీద ఆ దుమ్మూ కనిపిస్తుంది. కనిపించనివ్వండి. ఊరు చూడటమంటే అదీ కలిసే కదా.

2018లో కంచరపాలెం పేరుతో సినిమా వచ్చాక కొందరు ఆ పేటను చూపించమంటున్నారు. తీసుకెళ్లాను. రైలు పట్టాలు, టీ కొట్లు, డ్యూటీ దిగి వచ్చే మనుషులు. "ఇక్కడ చూడ్డానికి ఏముంది?" అన్నారు. అక్కడివాళ్లు చాలామంది ఆ సినిమాలో నటించారని చెప్తే, టీ పోస్తున్నాయన్ని అనుమానంగా చూశారు. ఆయన మాత్రం వీళ్లను సినిమా వాళ్లేమోనని చూశాడు.

అరకు విషయంలో మాత్రం కఠినంగా ఉండమని మనవి. భోజనాలయ్యాక ఓసారి అరకు చూసొద్దామనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నూరు కిలోమీటర్లు దాటిన దారి, అందులో ఘాటు రోడ్డు, పైగా 2022 నుంచి అది అల్లూరి సీతారామరాజు జిల్లా. నా పరిధి కాదు.

ఎర్రమట్టి దిబ్బల జోలికి దయచేసి వెళ్లకండి. వేల ఏళ్లుగా గాలీ వానా చెక్కిన చోటు, 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తించారు కూడా. దాన్ని అందంగా తీర్చిదిద్దాలని ఎవరికైనా బుద్ధి పుడితే, ఆ ఫైలును తమరి సొరుగులోనే ఉంచి తాళం వేయగలరు.

పై సంగతులు దయతో పరిశీలించి, జాబితాలో పని చేస్తున్న ఊరిని చేర్చి, నాకు ఒక ఈలా, ఒక గుర్తింపు కార్డూ మంజూరు చేయవలసిందిగా ప్రార్థన. గౌరవ వేతనం తమరి దయ.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక విశాఖ గృహస్థుడు

జత: పెట్రోలు రశీదులు. మురీ మిక్చర్‌కు రశీదు ఇవ్వరు.

నకలు: హైదరాబాద్‌లోని మా బావమరిదికి. ఈసారి జూన్ 15 దాటాక రావలసిందని, బడులు తెరిస్తే ఆ బాధ్యత నాది కాదని మనవి.