సభామందిర నిర్ణయ శాస్త్రం

ఏ శాస్త్రానికైనా ముందు అధికారి ఎవరో తేల్చాలి. దీనికి అధికారి సాహితీ సంస్థ కార్యదర్శి. పుస్తకావిష్కరణకు హాలు మాట్లాడేది ఆయనే, మైకు మూగబోతే తిట్లు తినేదీ ఆయనే. హాలు చూడబోయి ఆయన అడిగేవి అద్దె, ఏసీ, టిఫిన్లు. ప్లగ్గు ఎక్కడుందని అడిగిన కార్యదర్శి ఇంకా పుట్టలేదు.

ధ్వని ప్రకరణానికి మూలపురుషుడు వాలెస్ సబీన్. 1895లో హార్వర్డ్‌లో ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాల తెరిచారు. అందులో పలికిన మాట అయిదున్నర సెకన్లదాకా మార్మోగుతూనే ఉండేది. వక్త రెండో వాక్యం ఎత్తుకున్నా మొదటిది గాల్లోంచి దిగేది కాదు. సబీన్ రాత్రిపూట శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల దిండ్లు మోయించి, శాలలో పరిపించి, మోత ఎంత తగ్గిందో కొలిచాడు. గది ఘనపరిమాణాన్ని 0.161తో హెచ్చవేసి, లోపల ధ్వనిని పీల్చుకునే సరుకుతో భాగిస్తే మార్మోగే కాలం వస్తుందని తేల్చాడు. ఒక్కో శ్రోత సుమారు ఆరు దిండ్ల పెట్టు అని కూడా లెక్కకట్టాడు.

తెలుగు సభకు చిక్కు వచ్చేది ఇక్కడే. తీసుకునేది మూడొందల కుర్చీల హాలు. వచ్చేది ముప్ఫైమంది. వారిలో పన్నెండుమంది వేదిక మీదే ఉంటారు. మరి వారిని దిండ్ల లెక్కలో వేయరాదా అని పూర్వపక్షం. వేయరాదు, వారు పీల్చేదానికన్నా వదిలేది ఎక్కువ అని సిద్ధాంతం. కాబట్టి ప్లాస్టిక్ కుర్చీల హాలు సర్వథా వర్జ్యం. మంచి ప్రేక్షకశాలల్లో, ఖాళీగా ఉన్నా ఇంచుమించు మనిషంత ధ్వనిని పీల్చుకునేలా మెత్తకుర్చీలు వేయిస్తారు. మన సాహిత్య సభల భవిష్యత్తు ఆ కుర్చీలదే. అవి మధ్యలో లేచి వెళ్లవు, కవిత చదువుతామని చీటీ పంపవు.

మైకు కుయ్యిమంటే దానికి లార్సెన్ ఫలమని పేరు. పేరు పెట్టుకున్నది ఒక డెన్మార్క్ శాస్త్రజ్ఞుడిది. స్పీకరులోంచి వచ్చిన మాటే మళ్లీ మైకులో దూరి, పెరిగి, మళ్లీ స్పీకరులోంచి రావడం దీనికి కారణం. స్పీకర్లు మైకుకు ముందుండాలి, వెనక కాదు. మైకును అరచేత్తో మూస్తే ఆగుతుందనుకోవడం భ్రమ. మరింత కూస్తుంది.

దృశ్య ప్రకరణం క్లుప్తం. తెర ఎత్తుకు ఆరింతలకన్నా దూరాన చివరి వరస ఉండకూడదు. ఒకటిన్నర మీటర్ల తెరకు తొమ్మిది మీటర్లు. అయితే తెర ఉండాల్సిన చోట ముఖ్య అతిథి ఫొటోతో ఫ్లెక్సీ ఉంటుంది. ఫ్లెక్సీని జరపడం రాజకీయం గనుక ఈ శాస్త్ర పరిధిలోకి రాదు. హాలువారి దగ్గర 1987 నాటి వీజీఏ తీగ వేలాడుతుంటుంది, వక్త లాప్‌టాప్‌కేమో హెచ్‌డీఎంఐ రంధ్రం. రెంటికీ సంధి కుదిర్చే బొడిపె కార్యదర్శి జేబులో ఉండాలి. పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన స్లైడ్లు హాలు కంప్యూటర్‌లో తెరిస్తే, ఆ ఫాంట్ అక్కడ లేక, తెలుగంతా డబ్బాలై కూచుంటుంది. పీడీఎఫ్ చేసి తెచ్చుకోవాలి. ఎవరూ తేరు.

చివరగా, ఆంప్లిఫయర్ బీరువా తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుని, ఆయన ఫోన్ నంబరు అద్దె రశీదు వెనక రాయించుకోవాలి. ఆదివారం ఆయనకు సెలవు. మన సభలన్నీ ఆదివారమే.